హన్మకొండల పైనాపిల్ టిన్నులు కొనేటోళ్లకు: మూడు టిన్నులు, ఒక షాపు, నా రివ్యూ

సీదా రేటింగ్ తోనే మొదలుపెడ్త. సామానుకు నాలుగు స్టార్లు, షాపాయన మాటతీరుకు నాలుగున్నర, టిన్నులు పెట్టే జాగకు మాత్రం రెండు, అవి కూడా మొహమాటానికి ఇస్తున్న. షాపు హన్మకొండ చౌరస్తా దిక్కు ఉంటది, విప్పింగ్ క్రీమ్, కోకో పౌడర్, కేక్ బోర్డులు, ఎసెన్సులు, చెర్రీలు, కేకులు చేసేటోళ్లకు కావాల్సినవి అన్నీ ఒక్క తాననే దొరుకుతయి. పేరు రాస్తలేను, ఎందుకంటే నేను చెప్పే తక్లీఫ్ ఈ ఒక్క షాపుది కాదు. టిన్నుల కంపెనీల పేర్లు కూడా రాయను, ఒక్క డబ్బా తెరిచి చూసి కంపెనీ మొత్తానికి మార్కులేసుడు నాకు నచ్చదు, లేబుల్ రంగు చెప్పి ఊకుంట.

నేను ఇంట్ల కేకులు చేసి అమ్ముత. రెడ్ వెల్వెట్ వచ్చినా ట్రఫుల్ వచ్చినా మన దిక్కు సగం ఆర్డర్లు ఇప్పటికీ "కూల్ కేక్, పైనాపిల్ది" అనే వస్తయి. మొన్న నయీంనగర్ నుంచి ఒకామె పాప బర్త్‌డేకి ఆర్డర్ పెడుతూ "అక్కా, డబ్బా పండ్లల్ల లోహం దిగుతదంట కదా, పిల్లలు తినే కేకుల అదే వేస్తరా మీరు" అని అడిగింది. మంచి ప్రశ్న. ఫోన్ల రెండు ముక్కల్ల చెప్పేది కాదు, అందుకే షాపుల ఉన్న మూడు రకాల 850 గ్రాముల టిన్నులు తెచ్చి, పండు గిన్నెలకు వంపి, డబ్బాల లోపలి గోడలు కూడా టార్చి పెట్టి చూసి ఇది రాస్తున్న.

ముందు ఇంకో డౌటు తీరుస్త, "కేరళ పైనాపిల్ బండి మీద తాజాగా దొరుకుతుంటే డబ్బాది ఎందుకు" అని అందరు అడుగుతరు. తాజా పైనాపిల్‌ల బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటది, అది ప్రోటీన్‌ని కోసేస్తది, పాల క్రీమ్‌ల పడితే కొన్ని గంటలకే చేదు వస్తది, జెలటిన్ వేస్తే అసలు గడ్డనే కట్టదు. టిన్నుల పెట్టేటప్పుడు వేడి చేస్తరు కాబట్టి ఆ ఎంజైమ్ చచ్చిపోతది. ఇంట్ల తాజా ముక్కల్ని చక్కెర పాకంల బాగా ఉడకబెట్టినా అదే పని అయితది, కానీ రోజుకు ఐదారు కేకులు చేసే తాన పండు చెక్కుకుంట కూసుంటే ఆర్డర్లు ఎవరు చూడాలె.

ఇగ లోహం సంగతి. దిగుతది. అబద్ధం చెప్పుడెందుకు. ఎంత దిగుతది, ఏ లోహం, దేంతోని ఎక్కువైతది అన్నదే తెలుసుకోవాల్సింది.

టిన్ను డబ్బా అంటే పూర్తిగా తగరం కాదు, ఉక్కు రేకు, దానికి రెండు దిక్కుల పల్చగా తగరం పూత. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకు కలాయి పోయించేటోళ్లు గదా, చింతపండు పులుసు ఇత్తడిని తాకి చిలుము పట్టకుండ, ఆ కలాయి కూడా తగరమే, పని కూడా దాదాపు అదే. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పనికి అంత పేరు, ఆ ఊరు మీదికెళ్లే హైదరాబాద్ పోతం, కానీ కలాయి పోసేటాయన గల్లీలల్ల కనబడక చానా ఏండ్లయింది. సరే, టాపిక్ పక్కకు పోతున్నది.

కొన్ని డబ్బాలకు తగరం మీద ఇంకో పొర కూడా కొడ్తరు, లక్కర్ అంటరు, బంగారం రంగు గానీ తెలుపు గానీ ఉంటది. మొక్కజొన్న, బఠానీ, పుట్టగొడుగు, చేపలు, వీటి డబ్బాలకు ఎక్కువగా ఈ పొర ఉంటది, ఎందుకంటే వాటిల్ల ఉండే గంధకం లోహాన్ని తాకితే నల్ల మరకలు పడతయి (ఆ మరకలతోని హాని లేదు, కానీ చూస్తే తినబుద్ధి కాదు). పైనాపిల్, పీచ్, బత్తాయి జాతి పండ్లు, కొన్ని టమాట డబ్బాలకు మాత్రం కావాల్నని లోపల పొర లేకుండ ఉత్త తగరమే వదిలేస్తరు. ఎందుకంటే డబ్బాల మిగిలిపోయిన కొంచెం ఆక్సిజన్‌ని తగరమే ముందు పట్టుకుంటది, పండు నల్లబడదు, రుచి చెడదు. అంటే తగరం కొద్దికొద్దిగ కరుగుడు అనేది లోపం కాదు, ఆ డబ్బా పని చేసే పద్ధతే అది. ఈ ముక్క తెల్వక వాట్సాప్‌ల "డబ్బా లోపల తెల్లగ మెరుస్తుంది, విషం" అని వీడియోలు తిప్పుతున్నరు.

ఇప్పుడు నా మూడు టిన్నులు.

పసుపు లేబుల్ ది, 190 రూపాయలు. లోపల లక్కర్ లేదు, ఉత్త తగరం. ప్యాక్ చేసి మూడు నెలలే అయింది. గోడ మంచిగ మెరుస్తున్నది, ముక్కలు లేత పసుపు, గట్టిగ ఉన్నయ్, క్రీమ్ మీద పెడితే నీళ్లు వదుల్తలేవు. పాకం మరీ చిక్కగ లేదు. కేకుకు ఇదే నంబర్ వన్.

ఆకుపచ్చ లేబుల్ ది, 215. లోపల బంగారు రంగు లక్కర్. ముక్క రంగు కొంచెం మబ్బుగ, గోధుమ దిక్కు పోతున్నది, రుచి మాత్రం బాగుంది, తీపి ఎక్కువ. పైన అలంకరణకు పనికిరాదు గానీ నడిమి లేయర్ల వేస్తే ఎవరికీ తెల్వదు. లక్కర్ ఉన్న డబ్బాల్ల తగరం మామూలుగ కిలోకు 25 మిల్లీగ్రాముల లోపలనే ఉంటది, లక్కర్ లేనివాటిల్ల 100 దాటొచ్చు. కాబట్టి ఇంట్ల పిల్లలకు కప్పుల కప్పులు డబ్బా పండు పెట్టే అలవాటు ఉన్నోళ్లు 25 రూపాయలు ఎక్కువైనా ఇది తీసుకోండ్రి.

ఎర్ర లేబుల్ ది, ఆఫర్ల 140. దీని మీదనే నా కోపమంత. గడువు ఇంకా రెండు నెలలుంది, చట్టం ప్రకారం అమ్మొచ్చు, తప్పు లేదు. కానీ తెరిస్తే లోపల గోడ బూడిద రంగు, మెరుపు పోయి మంచు పువ్వుల తీరు మచ్చలు, అడుగున ఉక్కు కనబడే దాకా పూత పోయింది. పాకం నాలిక మీద పెడితే ఇనుప చెంచా నాకినట్టే ఉంది. కేకుల వేయలే, పారబోసిన. దాన్ల తగరం ఎంతుందో నోటితోని చెప్పేది కాదు, ల్యాబే చెప్పాలె, కానీ రుచి అట్ల మారినంక కస్టమర్‌కు పెట్టుడు నాతోని కాదు.

లెక్క ఇట్ల ఉంటది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డబ్బా ఆహారంల కిలోకు 250 మిల్లీగ్రాముల తగరం దాకా ఒప్పుకుంటరు, డబ్బా డ్రింకులకు 150. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా డబ్బా పదార్థాలకు 250 అనే పెట్టింది. యూరప్‌ల ఇంకొంచెం గట్టిగ, 200, డ్రింకులకు 100, చిన్నపిల్లల ఆహారానికి 50. కిలోకు 200 దాటినంక కొందరికి కడుపుల తిప్పుడు, వాంతులు, నొప్పి, విరేచనాలు అయినట్టు రికార్డులున్నయ్, అవి కూడా తొందరగనే తగ్గిపోతయి. తిన్న తగరంల శరీరం పీల్చుకునేది వందకు ఐదు పాళ్లు కూడా ఉండదు, మిగిలింది బయటికి పోతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కలిసి నడిపే నిపుణుల కమిటీ వారానికి ఒంటి బరువు కిలోకు 14 మిల్లీగ్రాములు అని హద్దు పెట్టింది. అరవై కిలోల మనిషికి వారానికి 840, రోజుకు 120 అనుకోండ్రి. మా కేకు ఒక ముక్కల పైనాపిల్ ఎంతుంటది, 30 గ్రాములు. టిన్ను పూర్తిగా హద్దు మీద, అంటే 250 మీద ఉందనుకున్నా ముక్కకు ఏడున్నర మిల్లీగ్రాములు. పదిహేను కిలోల పాపకు రోజు హద్దు 30. బర్త్‌డే కేకు తోని ఏం కాదమ్మా అని నయీంనగర్ ఆమెకు ఈ లెక్కనే చెప్పిన. కానీ అదే పాపకు రోజూ స్నాక్స్ డబ్బాల వంద గ్రాముల టిన్ను పైనాపిల్ పెడితే, అది కూడా ఆ ఎర్ర లేబుల్ లాంటి పాత టిన్నుదైతే, 25 దాకా పోవచ్చు, హద్దు పక్కకు వచ్చినట్టే గదా. కేకు వేరు, రోజు తిండి వేరు.

ఇప్పుడు టిన్నులు పెట్టే జాగకు రెండు స్టార్లే ఎందుకో చెప్త. తగరం కరిగే వేగం మూడింటి మీద ఉంటది, పండు పులుపు, ఎన్ని నెలలయింది, ఎంత వేడిల ఉంది. మొదటిది మన చేతుల లేదు. వేడి మాత్రం పూర్తిగా షాపు చేతులనే ఉంది. ఈ షాపుల కింద ఏసీ రూముల క్రీమ్, చాక్లెట్ పెడ్తరు, టిన్నుల అట్టపెట్టెలు మాత్రం మీద రేకుల షెడ్డుల. మన దగ్గర మే నెలల 44 డిగ్రీలు మామూలే, రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు, ఆ ఎండకు రేకుల కింద ఎంతుంటదో ఒకసారి ఎక్కి చూడండ్రి, రెండు నిమిషాలు నిలబడలేరు. అట్ల ఒక ఎండాకాలం మొత్తం ఉడికిన టిన్నుకు, చల్లటి జాగల ఉన్న టిన్నుకు గడువు తారీఖు ఒకటే ఉన్నా లోపల కథ ఒకటి కాదు. షాపాయనను అడిగిన, "అన్నా, టిన్నులు గూడ కింద పెట్టరాదు" అని. "అక్కా, డబ్బాకేమైతది, సీల్ ప్యాక్ గదా, క్రీమ్ కరిగితే నాకు లాసు" అన్నడు. మనిషి మంచోడే, అడిగితే లోపలికెళ్లి కొత్త తారీఖు పెట్టె విప్పి తెచ్చిస్తడు, బిల్లు ఇస్తడు, తారీఖు చూసుకుంటే ముఖం మాడ్చుకోడు. కానీ ఈ ఒక్క విషయం ఆయనకు ఎక్కుతలేదు.

ఇంకోటి సొట్టలు. ముందటి రాక్‌ల సొట్ట పడ్డ టిన్నులు వేరే పెట్టి 40 రూపాయలు తక్కువకు అమ్ముతున్నడు. గుండ్రటి పొట్ట మీద చిన్న సొట్ట అయితే పర్వాలేదు. మూత అంచు మీద గానీ పక్క అతుకు మీద గానీ పడితే మాత్రం ఫ్రీగ ఇచ్చినా వద్దు, అక్కడ లోపలి పూత పగిలి పులుపంతా ఆ చిన్న జాగనే తింటది, సూది మొన అంత చిల్లు పడ్డా గాలి దూరుతది. మూత ఉబ్బి, వేలితో నొక్కితే టక్కుమని లేస్తే, అది పైనాపిల్ అయితే యాసిడ్ లోహాన్ని తిని పుట్టిన హైడ్రోజన్ గ్యాస్ కావచ్చు, స్వీట్ కార్న్, పుట్టగొడుగు, బీన్స్ లాంటి పులుపు లేని వాటిల్ల అయితే బాట్యులిజం తెచ్చే బ్యాక్టీరియా కావచ్చు. పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తక్కువన్నట్టు) 4.6 కంటే పైన ఉన్న పదార్థాలల్లనే అది పెరుగుతది, పెరిగితే మనిషి ప్రాణం తీసే విషం. రుచి చూసి తేల్చుకుందాం అని వేలు పెట్టొద్దు. ఈ విషయంల షాపాయనకు ఫుల్ మార్కులు, ఉబ్బిన కార్న్ టిన్ను చూపెడితే మారు మాట్లాడకుండ తీసి పక్కన పెట్టిండు.

సీసం గురించి కూడా అడిగింది ఆ నయీంనగర్ ఆమె. పాతకాలం డబ్బాలకు పక్క అతుకు సీసం కలిసిన సోల్డర్‌తోని (కరిగించి అతికే లోహం) వేసేటోళ్లు, అది నిజంగనే పాడు పని, సీసానికి ఇంత దాకా పర్వాలేదు అనే హద్దే లేదు, 2010ల ఆ నిపుణుల కమిటీనే తన పాత హద్దును వెనక్కి తీసుకున్నది. అమెరికాల కంపెనీలు 1991కే సీసం అతుకులు మానేసినయ్, 1995ల ప్రభుత్వం కూడా నిషేధించింది. ఇప్పటి డబ్బాలకు వెల్డింగ్ అతుకు ఉంటది. లేబుల్ కాగితం చింపి చూస్తే తెలుస్తది, వెల్డింగ్ ది సన్నగ, గీత గీసినట్టు నీట్‌గ ఉంటది, సోల్డర్ ది మందంగ, మీద కిందికి బూడిద రంగు లోహం పూసినట్టు ఉంటది. నా మూడిటికి వెల్డింగే. విదేశాల నుంచి ఎవరన్నా సంచిల తెచ్చిన ఊరు పేరు లేని డబ్బాలైతే ఒకసారి చూసుకోండ్రి, లేకుంటే దీని మీద నిద్ర చెడగొట్టుకోవద్దు.

లక్కర్ ఉంటే ఇగ టెన్షన్ లేదా అంటే, దానికి దాని లొల్లి ఉంది, బీపీఏ. ఎపాక్సీ లక్కర్ తయారీల వాడే రసాయనం, కొద్దిగ ఆహారంలకు దిగుతది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023ల దాని హద్దును మునుపటికంటే ఇరవై వేల రెట్లు తగ్గించి ఒంటి బరువు కిలోకు రోజుకు 0.2 నానోగ్రాములు అన్నది, తర్వాత 2024 చివర్ల ఆహారాన్ని తాకే డబ్బా పూతల్ల బీపీఏ వాడొద్దని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది, మారడానికి కంపెనీలకు టైమిచ్చింది. నా ఆకుపచ్చ లేబుల్ మీద బీపీఏ గురించి ఒక్క అక్షరం లేదు. 215 పెట్టి కొన్నప్పుడు ఆ ఒక్క లైను వేస్తే వాళ్ల సొమ్మేం పోతది? దీనికే దానికి ఒక స్టారు కోసిన.

ఇంత చదివినోళ్లకు అసలు తక్లీఫ్ ఫ్యాక్టరీల కన్నా మన ఫ్రిజ్‌లనే ఎక్కువ అని చెప్పాలె. మూత తెరిచిన క్షణం నుంచి బయటి గాలి లోపలికి వస్తది, ఆక్సిజన్ దొరికితే తగరం, దాని కింద ఇనుము మస్తు వేగంగ కరుగుతయి. నెలల తరబడి మూసి ఉన్నప్పుడు దిగనంత, తెరిచి నాలుగు రోజులు ఫ్రిజ్‌ల పెడితే దిగుతది. నాకు తెలిసిన చానా మంది, అందరు ఇంట్ల కేకులు చేసేటోళ్లే, సగం టిన్ను వాడి మీద ప్లాస్టిక్ కవర్ కట్టి ఫ్రిజ్‌ల పెడ్తరు. చెయ్యొద్దు. తెరిచినంక వెంటనే గాజు సీసాలకో స్టీలు డబ్బాలకో మార్చుండ్రి, సిల్వర్ గిన్నెల వద్దు, పులుపుకు అల్యూమినియం కూడా దిగుతది. పాకంతో సహా మార్చాలె, ముక్కలు మునిగి ఉండాలె, మూడు నాలుగు రోజుల్ల ఒడగొట్టాలె. లక్కర్ లేని టిన్నుకు ఇది మరీ ముఖ్యం.

ఓపెనర్ కూడా. ఈ టిన్నుల్ల ఒక్కదానికి కూడా లాగే రింగు లేదు. డబ్బాకు పేటెంట్ ఇంగ్లండ్‌ల 1810ల వస్తే, ఓపెనర్‌కు అమెరికాల పేటెంట్ వచ్చింది 1858ల, నడుమల జనం ఉలి సుత్తి పెట్టుకొని తెరుచుకున్నరు, మన కంపెనీలు ఇంకా ఆ కాలంలనే ఉన్నట్టున్నయ్. షాపుల 60 రూపాయలకు అమ్మే ఓపెనర్ తీసుకోకండ్రి, పళ్లు మొండివి, అంచును చింపి సన్న లోహపు పొడి పండులకు రాలుస్తది. మూత మీద దుమ్ము తుడిచి, మంచి చక్రం ఉన్న ఓపెనర్‌తోని తీయండ్రి, జంగు పట్టిన ఓపెనర్ అయితే అవతల పారేయండ్రి.

ఖాళీ డబ్బా గురించి కూడా చెప్పకుంటే నాకు నిద్రపట్టదు. పైనాపిల్ టిన్నులనో కండెన్స్‌డ్ మిల్క్ టిన్నులనో పిండి పోసి కుక్కర్ల ఉప్పు పెట్టి కేకు చేసే వీడియోలు ఉన్నయ్ గదా, తగరం 232 డిగ్రీలకు కరుగుతది, నీళ్లు లేని కుక్కర్ అడుగు ఎంత కాగుతదో మీటరు ఎవరి దగ్గర ఉంది? లక్కర్ కూడా ఆ వేడికి చేసింది కాదు. కేక్ మౌల్డు 150కి వస్తది, కొనుక్కోండ్రి. అట్లనే 15 కిలోల నూనె టిన్నులు కడిగి మళ్లా నూనె పోసి అమ్ముడు చట్టం ప్రకారమే నిషేధం, లూజు నూనె తీసుకునే తాన పాత టిన్ను జంగు పట్టి కనబడితే అడగండ్రి. ఆ టిన్నులల్ల బియ్యం, పప్పు పెట్టుకుంటే ఏం కాదు, కానీ మామిడికాయ తొక్కు పెట్టినోళ్లను కూడా చూసిన, ఉప్పు, పులుపు రెండూ ఉన్నదాన్ని రేకు డబ్బాల పెట్టుడేంది, జాడీలు ఏమైనయ్?

అనుమానం గట్టిగ ఉన్నోళ్లకు ఒక దారి ఉంది. ఆహార భద్రత చట్టం 2006ల 40వ సెక్షన్ ప్రకారం కొన్న మనిషే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ దగ్గర టెస్టు చేయించుకోవచ్చు, చట్టాన్ని మీరినట్టు తేలితే ఆ ఫీజు వాపస్ వస్తది. టెస్టు వద్దనుకుంటే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌ల కంప్లయింట్ వేయొచ్చు, లేబుల్ మీద ఉండే 14 అంకెల లైసెన్స్ నంబర్ ఫొటో తీసుకొని పెట్టుకోండ్రి, బిల్లు పారేయకండ్రి.

షాపుకు పోయేటోళ్లకు ఆఖరికి ఇంత: పసుపు లేబుల్ ఆరు నెలల లోపుది దొరికితే అది, లేకుంటే ఆకుపచ్చ. ఎర్రది ఆఫర్ల ఉన్నా ముట్టొద్దు, కొత్త స్టాకు వస్తే మళ్లా తెరిచి చూసి ఇక్కడనే రాస్త. చలికాలంల వచ్చిన మాల్ ఉగాది లోపు కొనుక్కుంటే మంచిది, ఎండలు ముదిరినంక మీది షెడ్డు పెట్టె కాకుండ కింద కౌంటర్ వెనుక ఉన్నది ఇయ్యమని అడగండ్రి, ఇస్తడు. ఆదివారం మధ్యాహ్నం దాకనే ఉంటది షాపు, బండి పెట్టుకోవడానికి జాగ అసలు లేదు, ఫోన్‌పే నడుస్తది, రెండు టిన్నుల మీద పది రూపాయలు అడిగితే తగ్గిస్తడు, అడగకుంటే తగ్గియ్యడు.